ఏం తిన్నారో దాచకండి, ఉడకనిది తినకండి



జ్వరంతో, ఒళ్లు నొప్పులతో వార్డులో చేరినవారిని మేము ఒక ప్రశ్న తప్పక అడుగుతాము: "ఈ నెలా రెండు నెలల్లో వేట మాంసం ఏమైనా తిన్నారా?" అడగగానే పేషెంటు భార్య వైపు చూస్తాడు. ఆమె నేల చూపులు చూస్తుంది. "అబ్బే, లేదు సిస్టరమ్మా" అంటారు. మూడు రోజుల తర్వాత, చూడవచ్చిన మేనమామ నోట అసలు మాట బయటపడుతుంది. ఆ మూడు రోజులూ వైద్యంలో పోయినట్లే.

ఎందుకు దాచారో మాకు తెలుసు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అడవి పందిని, దుప్పిని, కుందేలును వేటాడటం నేరం. వేటకు పోవద్దనే మేమూ చెబుతాము. కానీ మేము రాసుకునేది కేస్ షీటు, పోలీసు కంప్లైంటు కాదు. మీరు నిజం చెబితే డాక్టరు గారికి దారి దొరుకుతుంది. అందుకే అడుగుతాము.

అడవి పంది కండలో ట్రైకినెల్లా అనే పురుగు పిల్లలు ఉండవచ్చు. అవి కంటికి కనిపించవు. మాంసం ఎర్రగా, తాజాగానే ఉంటుంది. సరిగా ఉడకని ముక్క తింటే అవి మన పేగులో పెరిగి పిల్లలు పెడతాయి. ఆ పిల్లలు రక్తంలో కలిసి మన కండల్లోకి చేరతాయి. మొదట వాంతులు, విరేచనాలు కావచ్చు. వారం రెండు వారాల తర్వాత జ్వరం, కండల నొప్పులు, కనురెప్పల వాపు వస్తాయి. కొందరికి గుండెకు, మెదడుకు సోకి ప్రాణం మీదికి వస్తుంది. పురుగు ఇంకా పేగులో ఉండగానే మందు పడితే బాగా పనిచేస్తుంది. కండల్లోకి పోయాక అంత తేలిక కాదు. మూడు రోజులు పోయాయని మేము బాధపడేది ఇందుకే.

రెండవది బద్దె పురుగు. ముఖ్యంగా మలం తిని తిరిగే ఊర పందుల్లో, కొన్నిసార్లు అడవి పందుల్లో కూడా, దీని పిల్లలు సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్లని బుడగలుగా ఉంటాయి. అటువంటి మాంసం సరిగా ఉడకకుండా తిన్నవారి పేగులో బద్దె పురుగు పెరుగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటి ఉంది. మూర్ఛలు వచ్చిన పిల్లకు స్కాన్ తీస్తే మెదడులో ఈ బుడగలు కనిపించవచ్చు. అప్పుడు తల్లి, "మా ఇంట్లో ఎవరూ పంది మాంసం ముట్టరమ్మా" అంటుంది. ఆమె మాట నిజమే. మెదడులోకి పోయే బుడగలు మాంసం నుండి రావు. పురుగు ఉన్న మనిషి మలంలోని గుడ్ల నుండి వస్తాయి. దొడ్డికి వెళ్లి చేతులు కడుక్కోకుండా వంట చేసినా, వడ్డించినా, ఆ గుడ్లు ఎవరి కంచంలోకైనా చేరతాయి. తిన్నది ఒకరు, మూర్ఛ వచ్చేది ఇంకొకరికి. అందుకే "నా నోరు, నా ఇష్టం" అనే మాట ఈ విషయంలో చెల్లదని మా అభిప్రాయం.

ఇక వంట సంగతి. ముక్క లోపలి భాగం కూడా 71 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే ఈ పురుగులు చస్తాయి. మన ఇళ్లలో థర్మామీటరు పెట్టి వండేవారు లేరు, అవసరమూ లేదు. చిన్న ముక్కలు కోసి, నీళ్లు పోసి, ఎముక దగ్గర కూడా ఎరుపు లేకుండా మెత్తబడేదాకా తెర్లనిస్తే చాలు. మరిగే నీళ్ల వేడి సుమారు 100 డిగ్రీలు. కుక్కరులో ఇంకా ఎక్కువ. మన అమ్మమ్మలు కుండలో వండిన పులుసు కూరలో భయం తక్కువ. భయమంతా నిప్పుల మీద పైపైన కాల్చి, లోపల పచ్చిగా ఉండగానే తినే ముక్కలో ఉంది. ఉప్పు కారం చూడటానికి నోట వేసుకునే ఉడకని ముక్కలో ఉంది. రుచి చూడమని పిల్లల చేతిలో అటువంటి ముక్క పెట్టకండి. నడుముకు బలమని పచ్చి నెత్తురు తాగించకండి. గర్భిణులు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఉడకని మాంసంలోని కొన్ని సూక్ష్మజీవులు కడుపులోని బిడ్డకు హాని చేస్తాయి.

ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన తునకలనూ, పొయ్యి మీద పొగబెట్టిన మాంసాన్నీ నమ్మి అలాగే తినకండి. వాటినీ ఉడికించవలసిందే. కరెంటు పోయి వచ్చే ఫ్రిజ్ పురుగులను చంపుతుందనుకోవద్దు. అడవి జంతువుల్లోని కొన్ని రకాలు గడ్డకట్టినా బ్రతుకుతాయి.

తెల్లని బుడగలున్న మాంసాన్ని వండవద్దు, లోతుగా పూడ్చండి. పచ్చి పేగులు, కాలేయం కుక్కలకు వేయకండి. కుక్క పేగులో పెరిగే మరో రకం పురుగు గుడ్లు మన కాలేయంలో పెద్ద నీటితిత్తులు తెస్తాయి. మాంసం కొట్టిన మొద్దు, కత్తిపీట, చేతులు సబ్బుతో, వేడి నీళ్లతో కడగండి. వాటి మీదే కూరగాయలు కోయకండి.

మలంలో తెల్లని రిబ్బను ముక్కల్లాంటివి కనిపిస్తే సిగ్గుపడక పరీక్షకు రండి. షాపులో అడిగి ఒక్క నులిపురుగుల బిళ్ల మింగి ఊరుకోవద్దు. బద్దె పురుగు దానితో పోతుందన్న నమ్మకం లేదు. మెదడులో బుడగలున్నవారికి సలహా లేకుండా మందు వేస్తే మూర్ఛలు రావచ్చు.

మా నర్సులకూ ఒక మాట చెప్పాము: అడిగేటప్పుడు గొంతు పెంచవద్దు, నలుగురిలో అడగవద్దు. మిమ్మల్ని వేడుకునేది కూడా ఒక్కటే. మేము అడిగినప్పుడు భార్య వైపు చూడకండి, మా వైపు చూసి చెప్పండి.