కథకుడికి అరుగున్న కళాలయం: మా ప్రణాళిక

తెలుగు నేల మీద కొత్త కళాలయం రావాలి. బొమ్మల్ని మూగగా నిలబెట్టిన కాలం ముగిసింది. రాబోయే కళాలయం రూపాన్నీ నడకనూ ముందుగా తలపోసే బాధ్యత మేం తీసుకున్నాం. ఈ దారిలో మీరూ మాతో నడవాలి.

1. కళ బతికిన తీరే కట్టడానికి కొలత. చేర్యాల పటం గోడ కోసం పుట్టలేదు. చింతగింజల జిగురూ సుద్దా పట్టించిన బట్ట మీద నకాషీ చిత్రకారులు బొమ్మలు గీస్తే, కథకులైన కూనపులివారు ఆ పటాన్ని పద్మశాలీల ముందు విప్పుతూ మార్కండేయ పురాణం చెబుతారు. బొమ్మ సగం, గొంతు సగం. అందుకే పటాల శాలలో ముందు కథకుడికి అరుగు, వినేవాళ్లకు చోటు, ఆ తర్వాతే గోడ. తోలుబొమ్మ రంగు వెనక దీపం వెలిగితేనే పైకి వస్తుంది. నిమ్మలకుంట బొమ్మలకు తెల్లటి తెర కావాలి, చీకటి కావాలి. రామాయణం ఆట మొదలయ్యే రాత్రి వేళకు తాళం పడే భవనం మాకొద్దు.

2. ముఖద్వారం కన్నా ముందు భాండాగారం. కలంకారీ రంగులు వెలుగుకు వెలిసిపోతాయి. బట్ట మీది చిత్రానికి 50 లక్స్‌కు మించని వెలుగు, కొన్ని నెలల ప్రదర్శన తర్వాత చీకట్లో విశ్రాంతి తప్పనిసరి. కోస్తా ఉక్కకు బూజు ఎంత త్వరగా పడుతుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. నిధుల్లో తొలి వాటా గాలినీ తేమనూ అదుపులో పెట్టడానికే. మరమ్మతు గదికి ఒక గాజుగోడ ఉంటుంది. చిరిగిన పటాన్ని నిపుణులు ఎలా బతికిస్తారో పిల్లలు నిలబడి చూస్తారు.

3. చేసే చేతులే పాలించాలి. శ్రీకాళహస్తి కలంకారులూ ఏటికొప్పాక లక్కపనివాళ్లూ పాలకవర్గంలో ఓటుతో కూర్చుంటారు. ఏది కొనాలి, ఎంతకు కొనాలి అన్న నిర్ణయం వాళ్లు లేకుండా జరగదు. చేసినవాళ్ల పేర్లూ నిలవాలి. 1925లో, ముప్పై నిండకుండానే పోయిన చిత్రకారుడు దామెర్ల రామారావు పేరును రాజమండ్రి చిత్రశాల నిలబెట్టింది. తోలుబొమ్మకు కన్ను తీర్చిన మనిషి పేరుకూ అదే గౌరవం దక్కుతుంది.

4. అమరావతి స్తూప శిల్పాలు ఎన్నో చెన్నైలోనూ లండన్‌లోనూ ఉన్నాయి. వాటి కోసం ఒక శాల కడతాం. అవి వచ్చేదాకా అందులో మరేదీ పెట్టం.

మీ ఇంట్లో పాత పటమో, బొమ్మల పెట్టో ఉంటే అమ్మకండి. ఎవరు చేశారో, ఏ ఊళ్లో ఆడించారో పెద్దల్ని అడిగి రాసి ఉంచండి. మా తొలి జాబితా ఆ కాగితాలతోనే మొదలవుతుంది.