ఉన్ని వెనుక నొక పశువైద్యుడు

చలిగాలి సోకినతోడనే పెట్టె అడుగున నున్న శాలువను దీసి యెండబెట్టుదుము. మెత్తగా నున్నచో మేలైన ఉన్ని యందుము. గరుకుగా నున్నచో గొంగళి నయమందుము. ఆ మెత్తదనమునకై గొఱ్ఱెతోపాటు శాస్త్రజ్ఞుడు గూడ పాటుపడినాడన్న సంగతి మనకు దోచదు.

ఆస్ట్రేలియా దేశము మెరీనో గొఱ్ఱెల ఉన్నికి ప్రసిద్ధము. అచ్చట 1899లో జన్మించిన ఇయాన్ క్లూనీస్ రాస్ పశువైద్యము చదివి, గొఱ్ఱెల కడుపులోని పురుగులను, కార్జమును బట్టు జలగలను పరిశోధించుటతో వృత్తి నారంభించెను. 1931లో సిడ్నీ నగరమున మెక్‌మాస్టర్ పశ్వారోగ్య ప్రయోగశాల తెరువబడగా ఆయన దాని కధిపతి యయ్యెను.

అందులో హెలెన్ న్యూటన్ టర్నర్ అను యువతి కార్యదర్శినిగా జేరెను. ఆమె వాస్తువిద్యలో పట్టభద్రురాలు. అవి ఆర్థికమాంద్యపు రోజులు. ఇండ్లు కట్టించువారే లేనప్పుడు నక్షాలు గీయువారికి బని యెక్కడిది? ఉత్తరములు టైపు చేయుచునే ఆమె శాస్త్రజ్ఞుల లెక్కలపై మనసు నిలిపెను. మఱియొక యధికారి యైనచో “నీ కెందుకమ్మా యీ గొడవ” అని యుండును. రాస్ గారు ఆమెను గణాంకశాస్త్ర మభ్యసింపుమని ప్రోత్సహించెను. ఆమె ఇంగ్లండు వెళ్లి, ఆ విద్యలో నారితేరిన ఫిషర్, యేట్స్ పండితులకడ శిక్షణ పొంది వచ్చెను. మంచి గొఱ్ఱెను కంటితో జూచి, బొచ్చును చేతితో దడవి యెన్నుకొనుట నాటి వాడుక. ఆమె తూచి చూడుడనెను, కొలిచి చూడుడనెను. ఏ గొఱ్ఱె కెంత ఉన్ని తూగినది, పోగు సన్నదన మెంత, ఆ గుణము పిల్లల కెంతవఱకు దిగినది, ఇవియే మేలుజాతి నెన్నుటకు బ్రమాణములని చూపెను. 1956లో గొఱ్ఱెల సంతానాభివృద్ధి పరిశోధనకు ఆమెయే నాయకురా లయ్యెను. ఈ చరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్ట మిది.

రాస్ గారు 1937లో లండనులోని అంతర్జాతీయ ఉన్ని కార్యాలయమునకు అధ్యక్షుడై మూడేండ్లుండెను. 1949లో ఆస్ట్రేలియా ప్రభుత్వ విజ్ఞానసంస్థ కధ్యక్షు డయ్యెను.

ఆ దేశమున 1859లో ఇంగ్లండునుండి తెచ్చి వదలిన కుందేళ్లు కోట్లకు బెరిగి గొఱ్ఱెల మేత నంతయు మేయుచుండెను. కుందేళ్లను జంపు మిక్సోమా యను రోగమును వానిలో వ్యాపింపజేయవలెనని జీన్ మక్నమారా అను వైద్యురాలు 1930 దశాబ్దమునుండి పోరుచుండెను. తొలి ప్రయోగములు ఫలింపక విడువబడినవి. ఆమె మాత్రము విడువలేదు. అధికారుల నిదానమును పత్రికలలో నిలదీసెను. 1950లో మరల యత్నించిరి. ఈసారి దోమల మూలమున రోగము ముర్రే నదీప్రాంతమెల్ల నల్లుకొనెను.

అంతలో, 1951 ఆరంభమున, అదే ప్రాంతమున మనుష్యులకు మెదడువాపు జ్వరము వచ్చెను. పసిబిడ్డలు మరణించిరి. కుందేళ్ల రోగమే బిడ్డలకు సోకినదని జనులు భీతిల్లిరి. ఆ తల్లుల భయమును మన మెట్లు తప్పుపట్టగలము? శాస్త్రజ్ఞులు కాదని చెప్పినంత మాత్రమున నమ్ముట కష్టము. అప్పుడు రాస్ గారు, బర్నెట్, ఫెన్నర్ అను శాస్త్రజ్ఞులతో గూడ, ఆ కుందేళ్ల వైరసును సూదితో తమ శరీరముల కెక్కించుకొనెను. ఆయనకు ఏబదియేండ్లు దాటినవి; సంస్థ కధ్యక్షుడు. ఆ పని చేతిక్రింది వారికి అప్పగింపలేదు. ముగ్గురిలో నెవ్వరికిని జబ్బు చేయలేదు. జ్వరమునకు గారణము దోమలు మోయు వేఱొక వైరసని పిమ్మట తేలెను.

కుందేళ్లు తగ్గి, గడ్డి మొలిచి, గొఱ్ఱెలకు మేత చిక్కెను. అయినను కొన్ని యేండ్లకే ఆ రోగమునకు దాళగల కుందేళ్లు పుట్టసాగెను.

రాస్ గారు 1959లో మరణించెను. 1973లో వెలువడిన 50 డాలర్ల కాగితపు నోటుపై ఆస్ట్రేలియా ఆయన ముఖమును ముద్రించెను. హెలెన్ టర్నర్ ఉద్యోగము విరమించినదియు ఆ యేటనే.