కవికి పేదరికం అలంకారమా?

పేదరికం కవికి ఆభరణమనీ, ఆకలి నుండే గొప్ప కవిత్వం పుడుతుందనీ లోకంలో ఒక అభిప్రాయం వ్యాపించి ఉంది. పైకి ఇది కవిని గౌరవించే మాటగానే తోస్తుంది. నిదానించి ఆలోచిస్తే, కవి జీవించి ఉండగా అతనిని ఆదరించని సమాజం తన లోపాన్ని కప్పిపుచ్చుకోవడానికి కల్పించుకొన్న మాట అని బోధపడుతుంది. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ జీవితమే ఇందుకు నిదర్శనం.

ప్రభాకర్ తొలుత చిత్రకారుడు. జగిత్యాలలోని సాహితీమిత్రుల సాంగత్యం ఆయనను కవిత్వం వైపు మళ్లించింది. 1975లో తొలి కవిత అచ్చయింది. అయితే కవిత్వం కూడు పెట్టదు. అందువల్ల ఆయన సిరిసిల్లలో ఫోటోగ్రఫీ నేర్చుకొని, 1976లో జగిత్యాలలో స్టూడియో నెలకొల్పారు. అనంతరం కరీంనగర్‌లోనూ, 1983 నుండి హైదరాబాదులోనూ అదే వృత్తితో కుటుంబాన్ని పోషించుకొన్నారు. 'ఎర్ర పావురాలు', 'మంటల జెండాలు', 'చురకలు', 'రక్తరేఖ', 'సంక్షోభ గీతం' ఆయన సంపుటాలు. ఆంధ్రజ్యోతి దినపత్రికలో కొన్నేళ్లపాటు వెలువడిన 'సిటీ లైఫ్' కవితలు కూడా పుస్తకరూపం దాల్చాయి.

ఆయన కవితలలో అనేకం కొద్ది పంక్తులకు మించవు. జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలు, సిరిసిల్లలో మగ్గాన్నే నమ్ముకొన్న నేతకార్మికులు, 1978 నాటి జగిత్యాల జైత్రయాత్రలో కదలివచ్చిన రైతుకూలీలు ఆ నేలపై శ్రమించి బతికినవారు. వారి నడుమ ఎదిగిన కవి మాటను పొదుపుగా వాడడంలో ఆశ్చర్యం లేదు. దృశ్యంలో అవసరమైనంత మేరకే పట్టి చూపే ఛాయాచిత్రకారుని దృష్టి ఆ పొదుపుకు తోడైంది.

పేదరికం ఎరిగినందువల్లనే ఆయన పేదల గురించి రాయగలిగారని కొందరు అనవచ్చు. ఎరగడం వేరు, బలికావడం వేరు. పరిశీలన, సాధన ఆయన కవితకు పదును పెట్టాయి. లేమి, క్షయవ్యాధి ఆ కవితను నడిమిలోనే తుంచివేశాయి. 1993 జనవరి 12న, నలభై ఏళ్లైనా నిండకుండానే ఆయన కన్నుమూశారు.

ఈ దుస్థితి మన ప్రాంతానికే పరిమితం కాదు. 18వ శతాబ్దంలో ఐర్లండులో పుట్టి లండనులో స్థిరపడిన రచయిత ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఇంటి అద్దె చెల్లించలేక నిర్బంధానికి గురయ్యారు. మిత్రుడు శామ్యూల్ జాన్సన్ ఆయన నవల వ్రాతప్రతిని 60 పౌన్లకు అమ్మి ఆ ఆపద నుండి గట్టెక్కించారు. 1766లో వెలువడిన 'ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' ఆ నవలే. జాన్సన్ జాలిపడి ఊరుకోలేదు, మిత్రుని పేదరికాన్ని పొగడనూ లేదు. ఆయన రచనకు వెల కట్టించారు. రచయితను ఆదుకోవడమంటే అదే.

ప్రభాకర్ కవితలన్నింటినీ మిత్రులు పూనుకొని 2013లో ఒకే సంపుటిగా వెలువరించారు. ఆ కృషి ప్రశంసనీయం. అయితే అప్పటికి కవి గతించి ఇరవై ఏళ్లు. గ్రంథాలయాలు కొత్త రచయితల పుస్తకాలను కొనడం, పత్రికలు పారితోషికాన్ని సకాలంలో చెల్లించడం, పాఠకులు పుస్తకాన్ని అడిగి తీసుకోక కొని చదవడం అసాధ్యమైన కార్యాలు కావు. వర్ధంతి నాడు చిత్రపటానికి పూలమాల వేసే సమాజం, రచయిత జీవించి ఉండగానే అతని పుస్తకానికి వెల చెల్లించడం నేర్చుకోవాలి.