గిల్టుకి తెలుగేమిటి?

గిల్టు అనగానే గిల్టు నగలు గుర్తొస్తే తప్పు మీది కాదు. అయితే ఈ నెల మేము ముచ్చటించదలచినది ఇంగ్లీషువారి 'గిల్టు' గురించి.

దీనికి తెలుగు మాట వెతకబోతే ఒకటికి నాలుగు దొరుకుతాయి. కోర్టు తేల్చేది నేరం. దేవుడి ముందు ఒప్పుకునేది పాపం. ఎదుటివారి మీద జాలి కలిగినా ఆ మాటే అంటాం. పరీక్ష ఫీజు గడువు దాటితే కట్టేది అపరాధ రుసుము. చేసినదానికి లోలోపల కుమిలిపోవడం పశ్చాత్తాపం. ఇంగ్లీషులో తీర్పుకీ, బాధకీ కూడా గిల్టే. చిక్కంతా అక్కడే ఉంది.

ఈ చిక్కు ఈ దేశపు పార్లమెంటుకీ తప్పలేదు. తల్లుల నుంచి వేరుచేసిన ఆదివాసీ పిల్లల గురించిన నివేదిక 1997లో వెలువడింది. వెనుకటివారి పనులకు ఈ తరం అపరాధం నెత్తిన వేసుకోనక్కరలేదన్నారు ప్రధాని జాన్ హోవర్డ్. 1999 నాటి తీర్మానంలో విచారం ఉంది గాని క్షమాపణ లేదు. చివరకు 2008 ఫిబ్రవరి 13న కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఆనాడు ఎవరినీ బోనులో నిలబెట్టలేదు. జరిగిన అన్యాయాన్ని అన్యాయమని ఒప్పుకున్నారు. అంటే, నేరస్థుడు కానివాడికి కూడా బాధ్యత ఉండవచ్చునన్నమాట.

మన ఇళ్ళలో వినిపించే గిల్టు కూడా ఇటువంటిదే: "అమ్మానాన్నలను అక్కడ వదిలేసి వచ్చాం." ఇందులో నేరం లేదు, పాపమూ లేదు. మన పెద్దలు దీనికి ఏనాడో పేరు పెట్టారు, ఋణం అని. నేరమైతే శిక్ష పడాలి. ఋణమైతే కొద్దికొద్దిగా తీర్చుకోవచ్చు. ప్రతి ఆదివారం ఫోను చెయ్యడం, నాన్నగారు వేసుకునే బి.పి. మాత్రల పేరు తెలుసుకోవడం, వచ్చే ఏటి ప్రయాణానికి ఇప్పుడే సెలవు పెట్టడం, ఇవన్నీ వాయిదాలే.

డాక్టర్లం కనుక ఒక హెచ్చరిక. కారణం లేకుండా 'అంతా నా వల్లే' అనిపిస్తూ, దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే అది ఋణం కాదు, డిప్రెషన్ అనే జబ్బు కావచ్చు. వెంటనే జి.పి.ని కలవండి. ఊరినుంచి వచ్చిన అత్తగారినో, అమ్మనో 'గిల్టీగా ఉందా?' అని అడిగితే జవాబు రాదు. 'ఏదో తప్పు చేసినట్టు మనసు పీకుతోందా?' అని అడిగి చూడండి.

ఇక ఏడాదికొక ఉత్తరం ముక్కయినా రాయకుండా, విందుల్లో మాత్రం "చాలా గిల్టీగా ఉందండీ" అంటూ ఉండడం మొదట చెప్పిన గిల్టే. పైపూత!