యంత్రం మూగబోయినప్పుడు

యంత్రం చెడిపోవడం వింత కాదు. అది చెడినప్పుడు మనం ప్రవర్తించే తీరే ఆలోచింపదగిన విషయం. రేడియో పలకకపోతే దాని నెత్తిన రెండు దెబ్బలు కొట్టిన కాలం నుండి, కంప్యూటర్ మొరాయిస్తే అందులోని సమస్తాన్ని తుడిచివేసే కాలానికి వచ్చాము. సాధనాలు మారాయి గాని, కారణం వెదకక ముందే చికిత్సకు పూనుకునే మన అలవాటు మారలేదు. నాడి పట్టి చూడకుండా నుస్ఖా వ్రాసే హకీమును మనం నమ్మము. యంత్రాల విషయంలో మాత్రం అటువంటి వైద్యాన్నే నిశ్చింతగా అంగీకరిస్తున్నాము. ఇది సరి కాదని నా అభిప్రాయం. అందుకు ఆధారంగా ఒక అనుభవాన్ని పాఠకులకు మనవి చేస్తాను.

నేను పాఠం చెప్పే తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకడున్నాడు. గ్రంథాలయంలోని ఒక కంప్యూటర్‌ను అతని కొరకు ప్రత్యేకించారు. అందులో ఎన్.వి.డి.ఎ. అనే ప్రోగ్రాం ఉన్నది. తెరపై కనిపించే అక్షరాలను అది పైకి చదివి వినిపిస్తుంది. 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ అనే అంధ యువకుడు దానిని ప్రారంభించగా, జేమ్స్ టే అనే మరొక అంధుడు ఆ కృషిలో భాగస్వామి అయినాడు. దానిని ఎవరైనా ఉచితంగా పొందవచ్చు. అది తెలుగును, ఉర్దూను కూడా పలుకగలదు. ఆ పలుకులో మాధుర్యం తక్కువే కావచ్చు. కాని ఆ విద్యార్థికి అదే కన్ను, అదే గ్రంథం.

సెమిస్టర్ పరీక్షలు పది రోజులున్నాయనగా ఒక ఉదయం ఆ కంప్యూటర్ మూగబోయింది. మీట నొక్కితే మేలుకొనేది. ఒకటి రెండు నిమిషాలలో తెరపై దోష సందేశమొకటి చూపి, తనంతట తానే ఆగి, మళ్లీ మొదటి నుండి ప్రారంభమయ్యేది. ఆ సందేశం ఏమిటో తెలుసుకొనే మార్గమైనా ఆ విద్యార్థికి లేదు. తన కష్టాన్ని చెప్పవలసిన గొంతుకే పోయింది.

మరమ్మతుకు వచ్చిన యువకుడు ఒక నిమిషం చూచి, “సౌండే కదండీ, ఫార్మాట్ కొట్టేస్తే సాయంత్రానికి రెడీ అయిపోతుంది” అన్నాడు. ప్రక్కనే నిలబడి ఉన్న విద్యార్థి, “సార్, రెండేళ్ల పాఠాలు రికార్డు చేసి అందులోనే పెట్టుకున్నాను. ఇంకెక్కడా కాపీ లేదు” అన్నాడు. ఆ మాట విన్న తరువాత ఒక్క రోజు గడువిమ్మని ఆ యువకుణ్ణి కోరి పంపివేశాను.

నేను సాహిత్యం బోధించేవాణ్ణే గాని సాంకేతిక నిపుణుణ్ణి కాను. మొదట నేనూ ఊహనే ఆశ్రయించాను. హెడ్‌ఫోన్ చెడిందని తలచి బజారు నుండి కొత్తది తెప్పించాను. ఆ డబ్బు వృథా అయినది. ఆ తరువాత గాని, ఇటీవల ఈ యంత్రంలో ఏమి మారినదన్న అసలు ప్రశ్న నాకు తట్టలేదు.

ఇక్కడ డ్రైవర్ అంటే ఏమిటో చెప్పవలసి ఉన్నది. కంప్యూటర్‌లో ధ్వనిని పుట్టించే పరికరానికి ఒక భాష, విండోస్ వంటి నిర్వాహక వ్యవస్థకు మరొక భాష. ఉభయుల మధ్య దుబాసీగా ఉండే ప్రోగ్రామునే డ్రైవర్ అంటారు. ఈ దుబాసీకి వ్యవస్థ అంతఃపురంలో, అనగా కెర్నెల్‌లో, ప్రవేశమున్నది. సామాన్యమైన ప్రోగ్రాం తప్పు చేస్తే అది మాత్రమే మూతపడుతుంది. కెర్నెల్‌లో డ్రైవర్ తప్పు చేస్తే యంత్రమంతా ఆగిపోవచ్చు.

షిఫ్ట్ మీట నొక్కి పట్టి రీస్టార్ట్ ఎంచుకుంటే సేఫ్ మోడ్‌కు దారి తీసే పట్టిక వస్తుంది. సేఫ్ మోడ్‌లో విండోస్ పరిమితమైన డ్రైవర్లతోనే నడుస్తుంది. అందులో మా యంత్రం నిలకడగా పనిచేసింది. వెంటనే నేను చేసిన మొదటి పని విద్యార్థి పాఠాలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించడం. రోగిని పరీక్షించే ముందు అతని ఆస్తికి రక్షణ కల్పించడం వంటిది ఇది. తరువాత అప్‌డేట్ల చరిత్ర చూడగా, రెండు రోజుల క్రితమే ధ్వని డ్రైవర్‌కు కొత్త రూపం వచ్చి చేరినట్లు తెలిసింది. డివైస్ మేనేజర్‌లో ఆ ధ్వని పరికరాన్ని డిజేబుల్ చేసి మామూలుగా ప్రారంభిస్తే యంత్రం ఆగలేదు. దోషస్థానం తేలిపోయింది.

పాత డ్రైవర్‌కు మరలిపోదామంటే రోల్ బ్యాక్ అనే మీట పనిచేయలేదు. పాత ప్రతి యంత్రంలో నిలిచి లేదు. అప్పుడు విండోస్‌తో పాటే వచ్చే సాధారణ హై డెఫినిషన్ ఆడియో డ్రైవర్‌ను జాబితా నుండి ఎంచుకున్నాను. యంత్రం పలికింది. మూడవ నాడు లోపమున్న డ్రైవర్ అప్‌డేట్ ద్వారా తనంతట తానే తిరిగి వచ్చి కథ మొదటికి వచ్చింది. చివరకు యంత్రం నమూనా సంఖ్యను చూచి, దానిని తయారు చేసినవారు అంతకంటె తరువాత విడుదల చేసిన డ్రైవర్‌ను తెచ్చి పెట్టిన పిదపనే పూర్తిగా కుదుటపడింది. ఈ మధ్యకాలంలో విద్యార్థి చదువు ఆగకుండా కాపాడినది కొన్ని వందల రూపాయల ఖరీదు చేసే యు.ఎస్.బి. సౌండ్ పరికరం. సాధారణంగా దానికి వేరే డ్రైవర్ వెదకనక్కరలేదు. విండోస్‌లో ఉన్నదే సరిపోతుంది.

ఇది చిన్న విషయమని ఎవరైనా అనవచ్చు. 2024 జూలై 19వ తేదీని గుర్తు చేసుకోవాలి. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన ఫైలును కెర్నెల్‌లో పనిచేసే దాని డ్రైవర్ చదవబోయి కుప్పకూలగా, మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం 85 లక్షల కంప్యూటర్లు స్తంభించాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాసులిచ్చారు. అంతటి ఉపద్రవానికి చికిత్స ఏమిటి? సేఫ్ మోడ్‌లో ప్రవేశించి ఆ ఒక్క ఫైలును తొలగించడం. అనేక యంత్రాల వద్దకు మనిషి స్వయంగా వెళ్లి ఆ పని చేయవలసి వచ్చింది. రోగం ఎక్కడున్నదో తెలిస్తే మందు చిన్నదే.

ఫార్మాట్ చేయడం ఎన్నడూ తగదని నేననను. డిస్కులోని వ్యవస్థ మరమ్మతుకు లొంగనంతగా పాడైనప్పుడు, వైరస్ విస్తరించినప్పుడు అది తప్పకపోవచ్చు. అయితే అది చివరి మందు కావాలి గాని మొదటిది కారాదు. మరమ్మతు యువకుణ్ణి నిందించడమూ నా ఉద్దేశం కాదు. రోజుకు ఎన్నో యంత్రాలు చూడవలసిన వానికి ఒక దాని వద్ద గంటల తరబడి కూర్చునే తీరిక ఉండదు. ఆ తీరికను కల్పించవలసినది విద్యాసంస్థలే.

నా మనసులో నాటుకున్నది మాత్రం “సౌండే కదండీ” అన్న మాట. ఎవరికి అది సౌండ్ మాత్రమే? చూపున్నవారికి అది సినిమా పాట కావచ్చు. చూపు లేనివానికి అది పాఠ్యపుస్తకం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థలు తగిన సదుపాయాలు కల్పించాలని ఆదేశిస్తున్నది. కంప్యూటర్ కొని ఒక మూల ఉంచినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. అది ప్రతి ఉదయమూ పలుకుతున్నదో లేదో చూచినప్పుడే తీరుతుంది.

కనుక నేను కోరేవి మూడే. ప్రతి కంప్యూటర్ వద్ద ఒక నోటుపుస్తకం ఉంచి, ఏ తేదీన ఏమి మార్చారో వ్రాయాలి. విద్యార్థుల పాఠాలకు మరొక చోట నకలు ఉండాలి. ఒక యు.ఎస్.బి. సౌండ్ పరికరాన్ని గ్రంథపాలకుని వద్ద సిద్ధంగా ఉంచాలి. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు.

విద్యార్థులారా! యంత్రం ఆగినప్పుడు తొందరపడకండి. ఏమి మారినదని అడగండి, ఉన్నదానిని భద్రపరచండి, ఒకసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడండి. ఈ క్రమశిక్షణకు సైన్సు డిగ్రీ అక్కరలేదు, ఓర్పు చాలును. మా గ్రంథాలయంలోని నోటుపుస్తకంలో మొదటి పుటను ఆ విద్యార్థి చెప్పగా నేను వ్రాశాను. మిగిలిన పుటలను మీరు నింపుతారని ఆశిస్తున్నాను.