జనరేటరు పొగ, నాన్నగారి ఆయాసం

ప్రశ్న: మా కిటికీ కిందనే బట్టల కొట్టువారు చక్రాల బండి మీద డీజిలు జనరేటరు పెట్టుకున్నారు. కరెంటు పోతే పొగంతా మా గదిలోకే. మా నాన్నగారికి 68 ఏళ్లు, ఉబ్బసం మనిషి. ఆ రాత్రి ఆయనకు నిద్ర ఉండదు. అడిగితే, 'కదిలించే జనరేటరుకు రూల్సు లేవు' అంటున్నారు. నిజమేనా డాక్టరుగారూ? - ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజం కాదమ్మా. చక్రాలు ఉన్నంత మాత్రాన పొగ గుణం మారదు.

డీజిలు పొగలోని మసి రేణువుల్లో చాలా భాగం వెంట్రుక మందంలో ముప్ఫయ్యో వంతు కంటే సన్నం. ముక్కు వాటిని ఆపలేదు. ఊపిరితిత్తుల అడుగుకంటా పోతాయి. నైట్రోజన్ ఆక్సైడులు శ్వాసనాళాలను ఒరిపిస్తాయి. ఉబ్బసం ఉన్నవారికి ఆ నాళాలు వెంటనే బిగుసుకుంటాయి. పొగను రోజూ ఏళ్ల తరబడి పీల్చడం మరీ ప్రమాదం. 2012లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీజిలు పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటిలో చేర్చింది.

ఇక రూల్సు. కంపెనీ అమ్మే జనరేటరుకు కాలుష్య ప్రమాణాలకు సరిపోయిందనే ధ్రువపత్రం, లేబిలు ఉండాలి. 2023 జులై 1 నుంచి కొత్తవాటికి ఈ ప్రమాణాలు ఇంకా కఠినమయ్యాయి. 2005 తర్వాత తయారైన వాటి శబ్దం, పెట్టెకు మీటరు దూరంలో 75 డెసిబెల్సు దాటరాదు. పొగగొట్టానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక లెక్క చెప్పింది: 25 కె.వి.ఏ. జనరేటరుకు గొట్టం కొట్టున్న భవనం కంటే మీటరు ఎత్తు, 100 కె.వి.ఏ. అయితే రెండు మీటర్లు.

నేను పని చేసిన ఒక ఆసుపత్రిలోనే జనరేటరు గొట్టం వార్డు కిటికీ కింద ఉండేది. దాన్ని పైకి ఎత్తించాక రాత్రి దగ్గులు తగ్గాయి. పెద్ద ఖర్చేమీ కాలేదు.

ముందు కొట్టువారితో మర్యాదగా మాట్లాడండి. లేబిలు చూపమనండి, గొట్టం ఎత్తించమనండి. వినకపోతే మునిసిపాలిటీకి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఫోటోలతో అర్జీ ఇవ్వండి. నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఒక్క మాట వారికీ చెప్పండి: జనరేటరును మూసిన గదిలోకి, మెట్ల కిందకి మార్చవద్దని. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ప్రాణం తీస్తుంది.

అంతవరకు నాన్నగారి మంచం అవతలి గదిలోకి మార్చండి. ఇన్‌హేలరు దిండు పక్కనే ఉంచండి, రోజువారీ మందు మానవద్దు. తడిగుడ్డ ముక్కుకు కట్టుకుంటే చాలుననుకోవద్దు. మాట పూర్తిగా చెప్పలేనంత ఆయాసం వచ్చినా, పెదవులు నల్లబడినా తెల్లవారేదాకా ఆగక ఆసుపత్రికి తీసుకెళ్లండి.