ఇంకా ఖాళీ కాని ఇల్లు

పోయిన గురువారం రాత్రి తొమ్మిదింటికి యాకుత్‌పురాలో మా ఫుప్పూ ఇంటి మెట్ల మీద ఉన్నాను. నా వెనక ఒక దలాల్, అతని వెనక ఇల్లు చూడడానికొచ్చిన ఇద్దరు మొగవాళ్లు. పై పోర్షన్‌లో ఉన్న కిరాయిదార్లు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. ఫుప్పూకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. "బేటా, జరా దిఖాదే, పాంచ్ మినట్ కా కామ్" అంది. తలుపు కొట్టాను. లోపల ఏడుస్తున్న చంటిపిల్లను ఎవరో ఊరుకోబెడుతున్నారు. "కౌన్?" అని ఆడగొంతు. ఆ గొంతులో భయం లేదు, కోపమూ లేదు, ఉత్త అలసట. ఆ రోజు ఆ తలుపు కొట్టినవాళ్లలో మాది నాలుగో జట్టు అని తర్వాత తెలిసింది.

ఆ "కౌన్" నాకు బాగా తెలుసు. ఏడేళ్ల కిందట మా అమ్మీ అచ్చం అలాగే అడిగేది.

అప్పుడు మేం మలక్‌పేటలో కిరాయికుండేవాళ్లం. నా ఆఫీసుకి దగ్గరవుతుందని ఇల్లు మారదామనుకుని ఓనర్‌కి చెప్పేశాం కూడా. ఆ వారంలోనే అబ్బా ఇంతకాల్ అయ్యారు. అమ్మీ ఇద్దత్‌లో కూర్చుంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను: భర్త పోయిన ఆడమనిషి నాలుగు నెలల పది రోజులు ఆ ఇంట్లోనే ఉంటుంది. జరూరత్ లేకుండా గడప దాటదు. పరాయి మొగవాళ్ల ఎదుటికి రాదు. మా ఓనర్ హాజీ సాబ్ నమాజీ మనిషి. జనాజాకి వచ్చారు, కబ్రస్తాన్ దాకా నడిచారు. "ఇద్దత్ హో జానే దో, తబ్ తక్ ఆరామ్ సే రహో" అని ఆయనే అన్నారు. అది చిన్న ఎహసాన్ కాదు. ఈ రోజుకీ దాన్ని నేను కాదనను.

కానీ మూడో నెల రాగానే గేటుకి టులెట్ బోర్డు వేలాడింది. ఇక బెల్లు మోగడం మొదలైంది. జుహర్ వేళ, మగ్రిబ్ వేళ, ఆదివారం అన్నాలు తినే వేళ. బెల్లు మోగిన ప్రతిసారీ అమ్మీ లేచి వంటింట్లో ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య ఉన్న సందులోకి పోయి నిలబడేది. వచ్చినవాళ్లు వంటిల్లు చూడకుండా వెళ్లరు కదా. అప్పుడు నా భార్య ముందుకొచ్చి "ఏక్ మినట్" అని వాళ్లను ఆపి, అమ్మీని బెడ్‌రూంలోకి తీసుకెళ్లి, ఆ తర్వాత వంటిల్లు చూపించేది. వంటిల్లు అయ్యాక బెడ్‌రూం. మళ్లీ అమ్మీ వంటింట్లోకి. రెండు గదుల ఇంట్లో డెబ్బై ఏళ్లు దాటిన మనిషి అలా ఇటూ అటూ తిరిగింది.

ఒకరోజు ఒకాయన గోడ అల్మారీ తలుపు తీసి లోపల ఎంత లోతుందో చూశాడు. అందులో అబ్బా షేర్వానీ, రెండు కుర్తాలు ఇంకా అలాగే వేలాడుతున్నాయి. "యే పురానా సామాన్ నికల్ గయా తో అచ్ఛా బడా హై" అన్నాడు. పాత సామాను తీసేస్తే పెద్దదేనట. అతనిలో దుర్మార్గమేమీ లేదు. అల్మారీ కొలత చూసుకున్నాడంతే. అమ్మీ గోడ అవతలి నుంచి ఆ మాట వింది. ఆ రాత్రే ఆ బట్టలన్నీ మడిచి ట్రంకులో పెట్టేసింది. ఇద్దత్ అయ్యాక పేదవాళ్లకిద్దామని అనుకున్న బట్టలవి.

మరి హాజీ సాబ్‌తో ఎందుకు చెప్పలేదని అడుగుతారు. చెప్పలేకపోయాను. నాలుగు నెలలు ఆగిన మనిషితో "మీరు రోజూ జనాన్ని పంపకండి" అని ఎట్లా అనడం? ముర్వత్ అడ్డొచ్చింది. ఇంకోటి కూడా ఉంది, దాచడమెందుకు: రెండు నెలల అడ్వాన్సు ఆయన దగ్గరుంది. హైదరాబాద్‌లో కిరాయిదారు నోరు ఆఖరి నెలలో ఎందుకు మూతపడుతుందో తెలియాలంటే అడ్వాన్సు ఎవరి జేబులో ఉందో చూస్తే చాలు. పెయింటింగ్ పేరుతో ఒక నెలది కోసుకుంటారా, కరెంటు బిల్లు పేరుతో ఇంకొంత పట్టుకుంటారా, అది మన నడవడికను బట్టి ఉంటుంది. అందుకని బెల్లు మోగితే నవ్వుమొహంతో తలుపు తీస్తాం.

పైగా ఇల్లు చూపించే వేళ కిరాయిదారు గవాహీ కూడా ఇవ్వాలి. "నీళ్లు బాగా వస్తాయా భాయ్?" అని వచ్చినవాడు అడుగుతాడు. ఓనర్ పక్కనే నిలబడి మన మొహం చూస్తుంటాడు. వేసవిలో ట్యాంకర్ తెప్పించుకున్న సంగతి చెబితే ఓనర్‌తో చెడుతుంది, చెప్పకపోతే మన అంతరాత్మతో చెడుతుంది. "మీరెందుకు ఖాళీ చేస్తున్నారు?" అన్న ప్రశ్న దీనికన్నా కష్టమైంది. నేనైతే "ఆఫీసు దూరం" అనేవాణ్ని. అది నిజమే, అందుకు ఖుదాకి షుక్ర్.

ఇక్కడ ఒక చిన్న భాషా ముచ్చట. ఉర్దూ మీడియంలో చదివి, తెలుగులో డిగ్రీ చేసినవాణ్ని కనుక ఇలాంటివి కళ్లకు కనబడుతుంటాయి. ఈ వ్యవహారంలో తెలుగువాళ్లం వాడే మాటలు చూడండి: కిరాయి, ఖాళీ, బాకీ, రసీదు, కబ్జా, దలాల్. అన్నీ అరబీ ఫార్సీల నుంచి ఉర్దూ మీదుగా వచ్చినవే. మాటలన్నీ తెచ్చుకున్నాం, వాటితోపాటు ఉండాల్సిన ఒక్క మాట మాత్రం ఎక్కడో వదిలేశాం. అది ఇజాజత్.

హాజీ సాబ్‌కి ఆ మాట తెలియక కాదు. సూరె నూర్ 27, 28 ఆయతుల్లో ఉన్నది ఇదే: మీవి కాని ఇళ్లలోకి ఇజాజత్ తీసుకుని, సలాం చెప్పి గాని వెళ్లవద్దని, వెనక్కి పొమ్మంటే వెనక్కి పోవాలని. మూడుసార్లు అడిగినా జవాబు రాకపోతే తిరిగి వెళ్లాలన్న హదీసు మసీదుకి పోయే పిల్లలకు కూడా తెలుసు. "ఇది నా ఇల్లే కదా" అని ఓనర్ అనవచ్చు. కానీ కిరాయి అంటే ఫిఖ్హ్‌లో ఏమిటి? ఇల్లు అతనిదే, దాని మన్‌ఫఅత్, అంటే అందులో ఉండి వాడుకునే లాభం, గడువు దాకా కిరాయిదారుకి అమ్మేసినట్టు. అమ్మినదాన్ని ఆఖరి నెలలో సగం వెనక్కి లాక్కోవడం కుదరదు. ఆ తర్వాతి ఆయతు, 29, ఎవరూ నివసించని ఇళ్ల గురించి. వాటిలోకి పని మీద వెళ్తే తప్పు లేదని అందులో ఉంది. అంటే అసలు పేచీ ఒక్కటే: గేటుకి బోర్డు వేలాడిన రోజే ఇల్లు ఖాళీ అయినట్టా, మనిషి తాళంచెవి ఇచ్చిన రోజు ఖాళీ అయినట్టా? ఓనర్లు మొదటిదే ఖాళీ అనుకుంటున్నారు. నా గొడవంతా అక్కడే.

ఖానూన్ కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం కిరాయి కడుతూ, ఒప్పందం ప్రకారం నడుచుకునే మనిషిని గడువు దాకా ఎవరూ కదిలించకూడదు. అదే సెక్షన్, సబబైన వేళల్లో ఓనర్ వచ్చి ఇంటి హాలత్ చూసుకోవచ్చనీ అంటుంది. గోడ పగిలిందా, నల్లా కారుతుందా అని చూసుకోవడానికి ఇచ్చిన హఖ్ అది. కొత్త కిరాయిదార్లను వరసగా పంపడం గురించి అందులో మాట లేదు. 2021లో కేంద్ర క్యాబినెట్ ఆమోదించిన మోడల్ టెనెన్సీ యాక్ట్ ఇంకాస్త ముందుకు పోయింది. ఓనర్ లోపలికి రావాలంటే 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి, ఫోన్ మెసేజ్ అయినా సరే. ఎందుకొస్తున్నదీ, ఏ వేళకొస్తున్నదీ చెప్పాలి. పొద్దు పొడవక ముందు, పొద్దు గుంకిన తర్వాత రాకూడదు. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఎవరినీ కట్టేయదు. మన దగ్గరున్న కిరాయి చట్టం 1960 నాటిది. 2005 సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 దాటిన కిరాయి ఇళ్లు దాని బయటికి పోయాయి. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కి ఒక గది కూడా దొరకడం కష్టం.

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న మన పిల్లల్ని అడగండి. అక్కడ కొత్తవాళ్లకు ఇల్లు చూపించడం ఓనర్ హఖ్ అని చట్టంలోనే రాసి ఉంది. కానీ ముందుగా రాతలో నోటీసు ఇవ్వాలి, మామూలుగా 24 గంటలు. పనివేళల్లోనే రావాలి. ఇద్దరి హఖ్‌లూ ఒకే చోట రాసి పెట్టారు. చూపించనని కిరాయిదారు మొండికేయడానికి లేదు, ఎప్పుడంటే అప్పుడు వస్తానని ఓనర్ అనడానికీ లేదు.

ఓనర్ల వైపు మాట కూడా చెప్పాలి. నేను ఇప్పుడు వాళ్ల మెట్ల మీదే నిలబడి ఉన్నాను కదా. మా ఫుప్పూకి పెన్షన్ లేదు, కొడుకుల్లేరు. కింద ఒక పోర్షన్‌లో తనుంటుంది, పైదాని కిరాయితో మందులూ రేషనూ. ఒక నెల ఖాళీ పడితే ఆ నెల మందులకు నా దగ్గర తీసుకోవాలి. అది ఆమెకు ఇష్టం ఉండదు. కాబట్టి పాతవాళ్లు ఉండగానే కొత్తవాళ్లకు చూపించడం ఆమెకు లాలచ్ కాదు, గుజారా. ఇల్లు వెతుక్కునేవాడి బాధ కూడా నాకు తెలియనిది కాదు. పేరు చెప్పగానే "సారీ అండీ, నిన్ననే ఇచ్చేశాం" అని ఎన్ని గేట్ల దగ్గర విన్నానో. అలాంటి రోజుల్లో ఒక ఓనర్ లోపలికి రమ్మంటే పరుగున వెళ్లాను. వెళ్లి చూస్తే ముందుగదిలో మంచం మీద క్యాథెటర్ పెట్టుకున్న ముసలాయన. అతని కోడలు దుప్పటి సర్దుతోంది. ఓనర్ మాత్రం "హాల్ పెద్దదే, చూడండి" అంటున్నాడు. నేను ఫ్యాను వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ఇల్లు తీసుకోలేదు, కిరాయి ఎక్కువని కాదు.

ఈ మధ్య ఫోన్లొచ్చి ఇంకో తలనొప్పి. వచ్చినవాడు గదిగదీ వీడియో తీసి ఊళ్లో ఉన్న భార్యకు పంపిస్తాడు. దలాల్ ఫొటోలు తీసి యాప్‌లో పెడతాడు. మన మంచం, మన దండెం మీది బట్టలు, పిల్లల స్కూలు యూనిఫాం, అన్నీ అడ్రసుతో సహా. పర్దా మాట పక్కన పెట్టండి, ఏ మతంవాళ్లయినా తమ పడకగది బజార్లో పెట్టుకుంటారా? సామాను తీసేశాక ఫొటోలు తీసుకోవచ్చు, లేదా తాము దిగకముందు తీసినవి ఓనర్ దగ్గర ఉంచుకోవచ్చు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. పదకొండు నెలల అగ్రిమెంటులో, స్టాంపు పేపర్ మీద, పెయింటింగ్ గురించీ మేకులు కొట్టడం గురించీ అన్ని లైన్లు రాయించుకుంటారు. ఇంకో రెండు లైన్లు రాయించండి. నోటీసు ఇచ్చాక వారంలో ఫలానా రెండు రోజులు, పగటిపూట ఫలానా రెండు గంటలు చూపించుకోవచ్చు. ముందురోజు ఫోన్ చేయాలి, ఓనర్ గానీ ఓనర్ మనిషి గానీ తోడుండాలి. ఇంట్లో జబ్బో, పరీక్షో, మయ్యత్తో, ఇద్దత్తో ఉంటే ఆ రోజు వద్దంటే వద్దు. బదులుగా కిరాయిదారు ఆ గంటల్లో తప్పకుండా తలుపు తీయాలి, ఇల్లు శుభ్రంగా ఉంచాలి, చెప్పిన తారీఖుకి ఖాళీ చేయాలి. వేళకు ఇంట్లో లేకుండా పోయి ఓనర్‌ని ఏడిపించే కిరాయిదార్లు కూడా ఉన్నారు, వాళ్లను నేను వెనకేసుకు రాను. పోయినసారి ఇల్లు మారినప్పుడు ఈ లైన్లు నేనే చేత్తో రాసి ఇచ్చాను. ఓనరమ్మ చదివి, కళ్లజోడు తీసి, "ఇంతేనా?" అంది. సంతకం పెట్టింది.

గురువారం సంగతికి వస్తాను. తలుపు అవతల ఆ ఆడమనిషి "వో ఘర్ పే నహీఁ హైఁ" అంది. భర్త ఇంట్లో లేడు. దలాల్ నా భుజం మీదుగా ముందుకొచ్చి "పాంచ్ మినట్, బహెన్" అంటున్నాడు. నేను అతని చేయి పట్టుకుని కిందికి తీసుకొచ్చాను. వచ్చినవాళ్లకు ఆదివారం పొద్దున పదింటికి రమ్మని చెప్పాను. వాళ్లు రారని అప్పుడే అర్థమైంది. శుక్రవారం పక్క గల్లీలో ఇంకో ఇల్లు తీసుకున్నారని దలాల్ ఫోన్ చేసి మరీ చెప్పాడు.

పై పోర్షన్‌లో అబ్బాయికి ఫోన్ చేసి ఆదివారం పది నుంచి పన్నెండు దాకా అని మాట్లాడుకున్నాను. "షుక్రియా భాయ్" అన్నాడు. ఎందుకు షుక్రియా చెబుతున్నాడో నాకు తెలుసు కాబట్టి ఏమీ అనలేకపోయాను. ఆదివారం ఇద్దరొచ్చారు. అబ్బాయే తలుపు తీసి, గదులు చూపించి, నీళ్లు ఏ వేళకి వస్తాయో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకరికి మెట్లు నచ్చలేదు, ఒకరు ఇంట్లో అడిగి చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు. నెలాఖరుకి తొమ్మిది రోజులుంది. ఫుప్పూ నాతో సరిగా మాట్లాడడం లేదు. నిన్న ఫోన్‌లో ఒక్కటే అడిగింది: "కిరాయి నువ్వు కడతావా?"

కట్టాల్సి వస్తే కడతానన్నాను.